మూయగలిగినంత నేలే తెరవాలి

రాత్రంతా కురిసిన వాన తెల్లవారి వెలిశాక, చదును చేసి వదిలేసిన ఏదైనా నిర్మాణ స్థలంలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని నేలను చూడండి. గులకరాళ్లు కనిపిస్తాయి. ప్రతి రాయీ వేలెడు కన్నా చిన్నదైన ఒక మట్టి స్తంభం మీద, కాడ మీద పుట్టగొడుగులా నిలబడి ఉంటుంది. రాయి తన కింది మట్టిని చినుకుల దెబ్బ నుంచి కాపాడుకుంది. చుట్టూ ఉన్న మట్టి పోయింది. ఆ స్తంభం ఎత్తు ఎంతో, అక్కడ పోయిన మట్టి లోతు అంత.

మొదటిసారి ఆ స్తంభాలను స్కేలు పెట్టి కొలిచినప్పుడు చాలా చోట్ల ఒక సెంటీమీటరు వచ్చింది. సెంటీమీటరే కదా అనుకున్నాను. తర్వాత కాగితం తీసుకుని లెక్క వేశాను. హెక్టారు అంటే 10,000 చదరపు మీటర్లు. దాని మీద సెంటీమీటరు మందం అంటే 100 ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే టిప్పర్లకు పది లోడ్లు. ఆ రోజు మా దగ్గర తెరిచి ఉన్న నేల మూడు హెక్టార్లు. ముప్పై లోడ్ల మట్టి ఒక్క రాత్రిలో చోటు మారింది. అందులో కొంత మా స్థలంలోనే పల్లపు మూలల్లో పేరుకుంది. మిగతాది హద్దు దాటి దిగువనున్న కుంటలో పడింది.

మర్నాడు ఆ కుంట నుంచి మోటారుతో నీళ్లు తోడుకునే రైతు ఒకరు గేటు దగ్గరికి వచ్చారు. కోపంగా రాలేదు. చేతిలో బురదతో పూడిపోయిన మోటారు జల్లెడ ఉంది. "బాబూ, ఈ మట్టి మీదేనా?" అని అడిగారు. "మాదేనండి" అన్నాను. అంతకు మించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఆ స్థలం తయారీ బాధ్యత నాది. యంత్రాలను ఎక్కడ దింపాలో, ఎంత నేల ఒక్కసారిగా చదును చేయాలో సంతకం పెట్టింది నేనే.

ఆ రోజు అందరూ వానను తిట్టారు. అకాల వాన అన్నారు, ఊహించని వాన అన్నారు. కానీ అదే వాన మా పక్కనున్న పచ్చిక బీడు మీద కూడా పడింది. ఆ బీడు అంచున పారుతున్న నీటిని నేను దోసిట్లోకి తీసుకుని చూశాను. అరచేతి గీతలు కనిపించేంత తేటగా ఉంది. నేల వాలు దాదాపు ఒకటే, మట్టి ఒకటే, పడిన వాన ఒకటే. వేరైనది మేము చేసిన పని ఒక్కటే. అప్పటి నుంచి నేను ఒకే మాట పట్టుకుని వాదిస్తున్నాను. మట్టిపనిలో నేల కోతకు మూలం మన పనుల వరుసలో ఉంది. ఎంత నేల తెరిచాం, ఎన్ని రోజులు తెరిచి ఉంచాం, దేని తర్వాత ఏది చేశాం అన్నవి ముందే కోతను నిర్ణయిస్తాయి. మూయగలిగినంత నేలే తెరవాలి. కొట్టుకొచ్చిన మట్టిని ఆపే కంచెలు, బస్తాలు, మడుగులు అన్నీ ఆ తర్వాతి సంగతి.

ఇది వినడానికి తేలికగా ఉంటుంది. ఆచరణలో మాత్రం దాదాపు ప్రతి చోటా దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. డోజరు వచ్చింది కదా అని మొత్తం స్థలాన్ని ఒకేసారి గీకించేస్తారు. "జంగిల్ క్లియరెన్స్ నూరు శాతం పూర్తి" అని నివేదికలో రాసుకుంటే పని ముందుకు సాగినట్లు కనిపిస్తుంది, బిల్లు కూడా వస్తుంది. పునాది తవ్వకం అందులో పదో వంతు నేల మీదే మొదలవుతుంది. మిగిలిన తొమ్మిది వంతులు నెలల తరబడి ఎండకు, గాలికి, వానకు బోడిగా పడి ఉంటాయి. వేసవిలో దుమ్ముగా లేస్తాయి, వానల్లో బురదగా పారుతాయి.

ఎందుకింత పట్టుదలగా చెబుతున్నానో అర్థం కావాలంటే చినుకు దగ్గర మొదలుపెట్టాలి. పెద్ద వాన చినుకు నేలను తాకేటప్పుడు దాని వేగం సెకనుకు దాదాపు 9 మీటర్లు, అంటే గంటకు 30 కిలోమీటర్లు దాటుతుంది. ఒక్కొక్క చినుకు చిన్నదే. కానీ 10 మిల్లీమీటర్ల వాన అంటే హెక్టారు మీద లక్ష లీటర్ల నీరు ఆ వేగంతో వచ్చి కొట్టడం. ఆకు ఉంటే దెబ్బ ఆకు మీద పడుతుంది, గడ్డి ఉంటే గడ్డి మీద పడుతుంది. ఏమీ లేకపోతే మట్టి గడ్డ పగిలి, రేణువులు ఎగిరి చుట్టూ పడతాయి. వాలు మీద అయితే కిందివైపు ఎగిరినవి ఎక్కువ దూరం వెళతాయి. పగిలిన సన్న రేణువులు నేల రంధ్రాలను పూడ్చి పైన ఒక పొరలా గట్టిపడతాయి. ఇక నీరు ఇంకదు, పారుతుంది. 1940లలో అమెరికాలో ఎలిసన్ అనే పరిశోధకుడు కొలిచి చూపేదాకా నేల కోత అంటే పారే నీరు చేసే పని అనే చాలామంది అనుకునేవారు. పారుదలకు ముందే చినుకు మట్టిని విడగొట్టి పెడుతుందని ఆయన పని స్పష్టం చేసింది. పారే నీరు ఆ తర్వాత వచ్చి, విడిపోయి ఉన్నదాన్ని మోసుకుపోతుంది.

మొదట అది పలుచని పొరగా పారుతుంది, కంటికి ఆనదు. కొంత దూరం వెళ్లాక నీరు సన్నని చాళ్లలో కూడుకుంటుంది. చాళ్లు కలిసి గండ్లు అవుతాయి. అందరూ ఫోటోలు తీసేది గండినే. కానీ గండి పడేసరికి సగం నష్టం అప్పటికే జరిగిపోయి ఉంటుంది. అందుకే నేను స్థలంలో గండ్ల కంటే ముందు గులకరాళ్ల కింద చూస్తాను.

అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన విష్మెయర్, స్మిత్ అనే ఇద్దరు 1965లో ఒక సమీకరణాన్ని విస్తృతంగా వాడుకలోకి తెచ్చారు. సార్వత్రిక నేల నష్ట సమీకరణం అంటారు. అందులో ఆరు అంశాలు ఉన్నాయి: వాన ధాటి, మట్టి స్వభావం, వాలు పొడవు, వాలు నిటారుతనం, నేల మీది కప్పు, కోతను అడ్డుకునే పద్ధతులు. అది పొలాల్లో ఏడాది సగటు నష్టం కోసం కట్టిన లెక్క. ఒక్క రాత్రి వానకు అది అంకె చెప్పలేదు, నేను అలా వాడమనను. నేను దాన్ని పదే పదే గుర్తుచేసుకునేది వేరే కారణానికి. ఆ ఆరూ ఒకదానితో ఒకటి కలపరు, గుణిస్తారు. గుణకారంలో ఏదో ఒక్కటి సున్నాకు దగ్గరైతే మొత్తం ఫలితం సున్నాకు దగ్గరవుతుంది. వాన ధాటి మన చేతిలో లేదు. మట్టి స్వభావం దాదాపుగా లేదు. కానీ కప్పు పూర్తిగా మన చేతిలో ఉంది. దున్ని ఖాళీగా వదిలిన నేలకు ఆ అంశం విలువ 1. బాగా పట్టిన పచ్చికకు వందో వంతు, ఇంకా తక్కువ కూడా. హెక్టారుకు నాలుగైదు టన్నుల ఎండుగడ్డిని నేల కనిపించకుండా పరిచినా మోస్తరు వాలు మీద నూటికి తొంభై వంతుల దాకా కోత తగ్గుతుంది. ఎండుగడ్డికి యంత్రం అక్కర్లేదు, నిపుణులు అక్కర్లేదు. ఆ సాయంత్రం పరచాలన్న నిర్ణయం తీసుకునే మనిషి ఒకరు కావాలి.

వాలు పొడవు కూడా మన చేతిలోదే. సాధారణ కట్ట వాలు మీద పొడవు రెట్టింపైతే ఒక్కో చదరపు మీటరు నుంచి పోయే మట్టి దాదాపు 1.4 రెట్లు అవుతుంది. వైశాల్యం కూడా రెట్టింపైంది కాబట్టి మొత్తం నష్టం దాదాపు 2.8 రెట్లు. ఈ లెక్కను తిరగేసి చూడండి. పొడవైన వాలుకు మధ్యలో ఒక మెట్టు కట్టి, ఆ మెట్టు మీద నీటిని పక్కకు మళ్లిస్తే, ఒక్క అంగుళం గడ్డి వేయకుండానే మట్టి నష్టం దాదాపు మూడో వంతు తగ్గుతుంది. నక్షాలో ఒక గీత ఖరీదు అది.

ఇక్కడ ఒక వాదన ఎదురవుతుంది, దాన్ని నేను చాలాసార్లు విన్నాను. మట్టి కదిలితే కదలనివ్వండి, దిగువన పట్టుకుంటే సరిపోతుంది కదా, మడుగు తవ్వితే మట్టి అందులో దిగిపోతుంది కదా అని. ఇసుక అయితే నిజమే. బంకమట్టి విషయంలో ఈ వాదన నిలవదు, ఎందుకో చెప్పడానికి ఒక పాత సూత్రం చాలు. నిలకడ నీటిలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి ఉంటుందని 1851లో స్టోక్స్ అనే శాస్త్రవేత్త నిరూపించారు. వ్యాసం పదో వంతైతే దిగే వేగం వందో వంతు. 0.1 మిల్లీమీటరు సన్న ఇసుక ఒక మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. 0.01 మిల్లీమీటరు ఒండ్రు రేణువుకు దాదాపు మూడు గంటలు. 0.002 మిల్లీమీటరు బంక రేణువుకు మూడు రోజులకు పైగా. 0.001 అయితే దాదాపు పదమూడు రోజులు. అదీ నీరు కదలకుండా ఉంటేనే. వాన పడుతున్నప్పుడు మడుగులోకి వచ్చిన నీరు పదమూడు రోజులు ఆగుతుందా? గంటల్లో అలుగు దాటి పోతుంది. మా దిగువ కుంట వారం గడిచినా తేరుకోకపోవడానికి కారణం ఇదే. మేము కుంటలోకి పంపింది ఇసుక కాదు. నేలలో అన్నిటికన్నా సన్ననిది, ఎరువునూ తేమనూ పట్టి ఉంచేది, మళ్లీ మనకు ఎప్పటికీ దొరకనిది.

కొన్ని బంకమట్టులు ఇంకా మొండివి. వాటిలో సోడియం ఎక్కువ ఉంటుంది. తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక గాజు గ్లాసులో శుద్ధజలం పోసి, శనగగింజంత మట్టి గడ్డను నెమ్మదిగా జారవిడిచి, కదపకుండా చూడాలి. గడ్డ ఊరికే విరిగి కుప్పగా కూలితే భయం లేదు. దాని చుట్టూ పొగమంచులా ఒక మసక పుట్టి గ్లాసు అడుగున పరుచుకుంటే ఆ మట్టి నీటిలో తనంతట తానే విడిపోయే రకం. అలాంటి మట్టితో కట్టిన గట్టు లోపలి నుంచే బొరియలు పడి కూలుతుంది. జిప్సం కలపడం, లేదా మంచి మట్టితో పైన మందంగా కప్పడం వంటి జాగ్రత్తలు అప్పుడే మొదలవ్వాలి. పది నిమిషాల్లో మొదటి సూచన ఇచ్చే ఈ పరీక్షను మొదటి రోజే చేసే స్థలాలు నాకు చాలా తక్కువగా కనిపించాయి. ఈ విషయంలో నాకు బాధ ఉంది.

అయితే వరుస ఎలా ఉండాలి? నా అభిప్రాయంలో యంత్రం దిగడానికి ముందు కాలినడకన ఒక రోజు పోవాలి, వీలైతే వాన పడుతుండగా. లెవెళ్ల నక్షా చేతిలో ఉన్నా సరే. నక్షాలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే లెవెల్ గీతలు అర మీటరు తేడాతో ఉంటాయి. నీరు రెండంగుళాల తేడాను కూడా గుర్తుపట్టి అటు తిరుగుతుంది. ఎగువ నుంచి నీరు ఎక్కడ మన స్థలంలోకి ప్రవేశిస్తోంది, ఎక్కడ బయటికి పోతోంది, దారిలో ఏ చెట్టు, ఏ పొద, ఏ పాత గట్టు దాన్ని ఆపుతోంది అన్నవి గుర్తులు పెట్టుకోవాలి. భూమిలో పైపులు, తీగలు ఎక్కడున్నాయో తేల్చుకోవాలి. ఉంచాల్సిన చెట్ల చుట్టూ, కొమ్మల నీడ పడేంత మేర, తాడు కట్టాలి. కాండం చుట్టూ కాపలా పెట్టి వేళ్ల మీద టిప్పర్లు నడిపితే ఆ చెట్టు రెండు మూడేళ్లలో నిలువునా ఎండిపోతుంది, అప్పటికి మనం అక్కడ ఉండం.

తర్వాత రెండు నీళ్లను విడదీయాలి. ఎగువ పొలాల నుంచి వచ్చేది తేట నీరు. మన తవ్వకం మీద పడేది బురద నీరు. ఈ రెండూ కలిస్తే మొత్తం బురదే, దాన్ని తేర్చే భారం మనదే. కాబట్టి అన్నిటికంటే ముందు ఎగువ హద్దు వెంట ఒక గట్టు, పిల్ల కాలువ తీసి తేట నీటిని స్థలంలోకి రాకుండా పక్కదారి పట్టించాలి. ఆ కాలువ కూడా తవ్వినదే కాబట్టి దాన్ని ఆ రోజే గడ్డితోనో, జనపనార వలతోనో, రాళ్లతోనో కప్పాలి. కప్పకపోతే కోతను ఆపడానికి తీసిన కాలువే మొదటి గండి అవుతుంది. తర్వాత దిగువన మడుగు, దానికి రాతి అలుగు. అమెరికాలో నిర్మాణ అనుమతులు ఇటువంటి మడుగుకు హెక్టారుకు దాదాపు 250 ఘనపు మీటర్ల చోటు అడుగుతాయి. అది సరిగ్గా 25 మిల్లీమీటర్ల నీరు మొత్తం పారి వస్తే పట్టేంత. మడుగు వెడల్పు కన్నా పొడవు ఎక్కువ ఉండాలి. నీరు వచ్చే చోటు ఒక కొసన, పోయే చోటు రెండో కొసన ఉండాలి. బయటికి వదిలేది పైపొర నీరే కావాలి. అడుగున తూము పెట్టిన మడుగులు చూశాను. అవి పేరుకున్న బురదను శ్రద్ధగా బయటికి పంపిస్తాయి.

గేటు దగ్గర 50 నుంచి 75 మిల్లీమీటర్ల రాయి, కింద జియోటెక్స్‌టైల్ అనే, నీటిని పోనిచ్చి మట్టిని ఆపే గుడ్డ, 15 మీటర్ల పొడవున పరిస్తే టిప్పర్ల చక్రాలు రోడ్డెక్కే ముందు బురదను అక్కడే వదులుతాయి. రాళ్ల సందులు పూడిపోయాక అది మామూలు మట్టి దారే. తిరగేసి కొత్త రాయి వేయాలి.

ఇవన్నీ అయ్యాక కదా పొదలు కొట్టడం. అందులోనూ నేను పట్టుబట్టేది ఒకటుంది. కొట్టడం వేరు, వేళ్లతో పెకలించడం వేరు. చెట్టు కొట్టేసినా మోడూ వేళ్లూ మట్టిని కొన్ని నెలలపాటు పట్టి ఉంచుతాయి. కాబట్టి కొట్టే పని ముందే జరిగినా, పెకలించడం మాత్రం ఆ ముక్కలో తవ్వకం మొదలయ్యే వారంలోనే జరగాలి. పైమట్టిని, సాధారణంగా పది పదిహేను సెంటీమీటర్ల మందం, విడిగా తీసి రెండు మూడు మీటర్లు మించని ఎత్తులో కుప్ప పోసి, వెంటనే గడ్డి విత్తనం చల్లాలి. ఎత్తుగా పోస్తే అడుగున గాలి ఆడక అందులోని జీవం చస్తుంది. అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. దాన్ని పునాది గుంటల్లో పూడ్చేసి, చివర్లో తోట కోసం బయటి నుంచి మట్టి కొనే పని నేను దగ్గరుండి చూశాను. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

యంత్రం దిగాక మనిషి చేతిలో ఉన్నది చాలా ఉంది. డోజరు వాలు మీద పైకీ కిందికీ నడిస్తే దాని పట్టాల పళ్లు వాలుకు అడ్డంగా అచ్చులు వేస్తాయి. ప్రతి అచ్చూ ఒక చిన్న గట్టు, నీటిని ఆపుతుంది, విత్తనాన్ని పట్టుకుంటుంది. అదే డోజరు వాలు మీద పక్కలకు నడిస్తే ఆ అచ్చులన్నీ పైనుంచి కిందికి పడతాయి. ప్రతి అచ్చూ రేపటి చాలు. అదే యంత్రం, అదే డీజిలు, నడిచే దిక్కు ఒక్కటే తేడా. ఈ సంగతి నాకు ఏ తరగతి గదిలోనూ చెప్పలేదు. ఇరవై ఏళ్లు డోజరు నడిపిన ఒక ఆపరేటర్ చెప్పారు. "సార్, నున్నగా చేస్తే మీకు అందంగా కనిపిస్తుంది, వానకు దారిగా కనిపిస్తుంది" అన్నారు. నున్నటి వాలును చూసి మెచ్చుకునే పర్యవేక్షకులు ఈ మాట వినాలి. వాలు గరుకుగా ఉండాలి.

కట్ట పైభాగం దీనికి పూర్తిగా వ్యతిరేకం. అక్కడ సాయంత్రం పని ముగించే ముందు చివరి పొరను నున్నటి రోలరుతో మూసి, నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. వదులుగా పోసిన మట్టి మీద రాత్రి వాన పడితే అది నీటిని పీల్చుకుని రోజుల తరబడి ఆరదు. తేమ ఒక హద్దు దాటితే మట్టిని ఎంత దిమ్మిస కొట్టినా కుదురుకోదని 1933లో ప్రోక్టర్ అనే అమెరికా ఇంజినీరు చూపిన నాటి నుంచీ మనకు తెలుసు. మర్నాడు తర్వాతి పొర వేసే ముందు ఆ నున్నటి పైభాగాన్ని గీకి గరుకు చేయాలి, లేకపోతే పొరలు అతకవు. ఇంకొకటి. పైభాగం నుంచి పారే నీరు అంచు దాటి వాలు మీద పడకుండా అంచున ఒక చిన్న మట్టి గట్టు, అక్కడక్కడ కిందికి దించే పైపు ఉండాలి. కొత్త కట్టలను కూల్చే కోతల్లో చాలావరకు ఈ అంచు దగ్గర పుట్టినవే నేను చూశాను.

ఇక గుడ్డ కంచె. సిల్ట్ ఫెన్స్ అని పిలిచే ఆ నల్ల గుడ్డను చూస్తేనే నేల కోత నివారణ జరిగిపోయిందని అనుకునే స్థితికి వచ్చాం. దాని గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. అది కోతను ఆపదు. కోత జరిగాక వచ్చిన నీటిని కాసేపు నిలబెట్టి బరువైన రేణువులను దించుకుంటుంది, అంతవరకే దాని శక్తి. దానికైనా షరతులున్నాయి. గుడ్డ అడుగు పదిహేను సెంటీమీటర్ల కందకంలో పూడ్చి మట్టి బిగించాలి. లెవెల్ గీత వెంట సాగాలి, కొసలు ఎగువకు మలుపు తిరగాలి. ముప్పై మీటర్ల కంచెకు పది గుంటల వాలు చాలు, అంటే హెక్టారులో పదో వంతు, అంతకు మించి నీరు దాని మీదికి రాకూడదు. కాలువకు అడ్డంగా అసలే కట్టకూడదు. కంచె ఎత్తులో మూడో వంతుకు మట్టి చేరగానే ఆ మట్టిని తీసేయాలి. ఆ రాత్రి మా దగ్గర కంచె ఉంది. మర్నాడు పొద్దున కూడా నిటారుగానే నిలబడి ఉంది. అడుగు పూడ్చలేదు కాబట్టి నీరు కిందనుంచి పోయింది. కంచె ఎగువన ఒక తట్టెడు మట్టి కూడా పేరుకోలేదు. తనిఖీ కాగితం మీద మాత్రం ఆ గడిలో టిక్కు ఉంది, పెట్టింది నేనే.

ఖర్చు గురించి నిజాయితీగా మాట్లాడాలి. ముక్కలు ముక్కలుగా తెరిస్తే డోజరు మూడుసార్లు రావాలి, మూడుసార్లు రవాణా ఖర్చు. కార్యక్రమం అల్లడం కష్టమవుతుంది. తవ్విన మట్టిని పక్క ముక్కలో వెంటనే నింపే సౌకర్యం కొంత పోతుంది. వీటిని కాదనను. కానీ ఎదుటి పళ్లెంలో ఏముందో కూడా వేయాలి కదా. కొట్టుకుపోయిన మట్టిని తిరిగి తెచ్చి నింపడం, నానిన పొరలను తీసి పారేయడం, పునాది గుంటల్లో నీరు తోడడం, పూడిన కాలువలు తీయడం, బురదలో యంత్రాలు ఖాళీగా నిలబడిన రోజులు. ఇవన్నీ "వాన వల్ల ఆలస్యం" అనే ఒక్క పద్దులో దాక్కుంటాయి. అక్కడ దాచకుండా విడివిడిగా రాసిన ఒక పనిలో నేను లెక్క చూశాను. యంత్రాన్ని మళ్లీ పిలిపించే ఖర్చు కన్నా ఆ పద్దు పెద్దది. ప్రతి పనిలో అలాగే ఉంటుందని చెప్పలేను. ఇసుక నేల మీద, చదునైన చోట, ఎండాకాలంలో రెండు నెలల్లో ముగిసే పనికి నా వాదన అంత బలంగా వర్తించదు. కానీ ఎండాకాలంలోనే ముగుస్తుందని మొదలుపెట్టి వానల్లోకి జారని మట్టిపనులు ఎన్ని?

పైగా ఆ లెక్కలో కుంట రైతు మోటారు లేదు. దిగువన పేరుకున్న పూడిక లేదు. అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రపు నదులను పరిశీలించిన వోల్మన్ అనే పరిశోధకుడు 1967లో చూపిన అంకెలు నన్ను ఇప్పటికీ కలవరపెడతాయి. అడవి నుంచి ఏడాదికి చదరపు మైలుకు వంద టన్నుల లోపు మట్టి నదిలోకి చేరేది. పంట పొలాల నుంచి కొన్ని వందల టన్నులు. నిర్మాణం జరుగుతున్న నేల నుంచి లక్ష టన్నులు దాటింది. నిర్మాణం ముగిసి ఇళ్లు, రోడ్లు వచ్చాక అది మళ్లీ పడిపోయింది. అంటే శతాబ్దాలుగా సాగిన చరిత్రలో ఆ రెండు మూడేళ్ల మట్టిపని ఒక కొండ శిఖరంలా పైకి లేచి కనిపిస్తుంది. ఆ రెండు మూడేళ్లు మన వృత్తివి. ఆ రాష్ట్రం 1970లో నిర్మాణ స్థలాల పూడికను అరికట్టే చట్టం చేసింది. ఇప్పుడు అమెరికా సమాఖ్య అనుమతుల్లో, పని పద్నాలుగు రోజులకు మించి ఆగే నేలను వెంటనే కప్పడం మొదలుపెట్టాలి. తెరిచిన నేల ఐదు ఎకరాల లోపైతే పద్నాలుగు రోజుల్లో, దాటితే ఏడు రోజుల్లో ఆ కప్పే పని పూర్తి కావాలి. ఎక్కువ తెరిచినవారికి తక్కువ గడువు. నాకు ఈ నియమంలో నచ్చేది ఇదే. కంచె ఉందా అని అడిగే ముందు, నేల ఎన్ని రోజులుగా తెరిచి ఉందని అడుగుతుంది.

కప్పడం అంటే కాంక్రీటు అక్కర్లేదు. త్వరగా మొలిచే గడ్డి, ఎండుగడ్డి, జనపనార వల, నిటారు వాలైతే కొన్నేళ్లు నిలిచే కొబ్బరి పీచు వల. లెవెల్ గీతల వెంట వట్టివేరు వరుసలు నాటితే దాని వేళ్లు మూడు మీటర్ల లోతుకు దిగుతాయి. ప్రపంచమంతా ఆ మొక్కను వెటివర్ అనే పిలుస్తుంది, ఆ పేరు దక్షిణాది మాట నుంచే వెళ్లింది. వల పరిచేటప్పుడు మాత్రం అది నేలకు అంటుకుని ఉండాలి. గుడారంలా లేచి ఉంటే కింద నీరు తన పని తాను చేసుకుపోతుంది.

ఈ పనులను ఒప్పందంలో "ఇతరములు" అనే గంపలో వేయకూడదన్నది నా చివరి వాదన. గంపలో వేసినదానికి కొలత ఉండదు, కొలత లేనిదానికి డబ్బు రాదు, డబ్బు రాని పనిని వానకు ముందు రోజు సాయంత్రం ఎవరూ చేయరు. గుత్తేదారును తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు, నేను వారివైపు కూడా పనిచేశాను. ఎండుగడ్డి పరిచిన ప్రతి చదరపు మీటరుకు, మడుగు నుంచి తీసిన ప్రతి ఘనపు మీటరు పూడికకు, వాన తర్వాత చేసిన ప్రతి మరమ్మతుకు విడి పద్దు, విడి రేటు పెట్టండి. కొలిచి చెల్లించండి.

నా వంతుగా నేను చేసేది చిన్నది. స్థలం దినచర్య పుస్తకంలో పనివాళ్ల సంఖ్య, యంత్రాల గంటలు, వాడిన సిమెంటు రాసే పేజీలో రెండు గడులు అదనంగా గీయిస్తాను. ఈరోజు తెరిచి ఉన్న నేల ఎన్ని చదరపు మీటర్లు, ఈరోజు మూసినది ఎన్ని. మొదటి నెల ఆ గడులు నింపమంటే విసుక్కుంటారు. రెండో నెలలో మొదటి అంకె పెరుగుతుంటే మేస్త్రీ తానే వచ్చి, తూర్పు ముక్కలో పని ఇంకో ఇరవై రోజులు లేదు కదా, గడ్డి పరిచేద్దామా అని అడుగుతారు. ఇప్పుడు నేను చూస్తున్న పనిలో నిన్న సాయంత్రం ఆ గడుల్లో ఉన్నవి: తెరిచినది 4,200, మూసినది 1,100. ఆకాశం మబ్బు పట్టి ఉంది. పొద్దున్నే ఎండుగడ్డి లోడు వస్తుందని చెప్పారు, నేను ఆరింటికి గేటు దగ్గర ఉంటాను.